ఎస్తేరు సిస్టర్ అమావాస్య లెక్క

కొత్తకోటలో మా వీధికి దవాఖాన నర్సు ఎస్తేరు సిస్టర్ వస్తోందంటే పిల్లలకంటే ముందు పెద్దవాళ్లే ఇంట్లోకి జారుకునేవాళ్లు. సూదికి కాదు, ఆమె నోటికి భయపడి. మొన్న రిటైరై షాద్‌నగర్‌లో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పుడు మా వీధిలో తిట్టేవాళ్లే లేరు. ఆ తిట్లు వినక చెవులు చిన్నబోయాయంటే నవ్వుతారేమో గాని, నాకైతే నిజంగానే బెంగగా ఉంటుంది.

రెండువేల ఇరవై మూడు మొదట్లో మా బాపు పర్వతాలుకు కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసింది. ఏడాదిలోపు డయాలిసిస్ తప్పకపోవచ్చని డాక్టరు చెప్పాడు. మిషన్ మీద రక్తం శుద్ధి చేసే చోట హెపటైటిస్ బి అంటుకునే భయం ఉంటుంది, అందుకని ముందే టీకా వేయించమని రాసిచ్చాడు. అది మా ఎస్తేరు సిస్టర్ చేతికొచ్చింది.

అప్పుడే మా వదినకు బాబు పుట్టాడు. పుట్టిన రోజే వాడి తొడకు అర మిల్లీ వేసింది. రక్తపరీక్షల ల్యాబ్‌లో కొత్తగా చేరిన నాకు ఒక మిల్లీ చొప్పున మూడుసార్లు అంది. "మొదటిది పడకుండ రక్తం సీసా ముట్టినవో, మీ సార్‌తోని నేనే కొట్లాడుత" అని బెదిరించింది. బాపుకైతే రెండు జబ్బలకూ మిల్లీ చొప్పున రెండు సూదులు, అట్లా నాలుగుసార్లు.

బాపు ఊరుకుంటాడా? "పోరనికి అర, నాకు రెండా? నన్ను నలుగురు చంటిపిల్లల కింద జమకట్టినవా సిస్టరమ్మా?" అన్నాడు.

"నీ ఒళ్లు అలసిపోయింది పర్వతాలన్నా. మెల్లగ పిలిస్తే పలకది. గట్టిగ పిలవాలె, మళ్ల మళ్ల పిలవాలె."

ఇక తేదీల పేచీ. మగ్గం మీద చీర ఉండగా బాపు కాళ్లాడించే గుంటలోంచి లేచే మనిషి కాడు. నేతగాళ్లకు సెలవంటే అమావాస్య ఒక్కటే. సిస్టర్ విసుక్కుంటూనే కార్డు మీద తేదీలు అమావాస్యలకు సర్ది రాసింది. మాఘం అమావాస్యకు మొదటిది, ఫాల్గుణం, చైత్రం అమావాస్యలకు ఇంకో రెండు, మొదటిదాని నుంచి లెక్కపెట్టి ఆరో నెలలో ఆఖరుది. మొదటి మూడూ సక్రమంగా పడ్డాయి. బాపు కార్డు వైపు ఒక్కసారి చూస్తే ఒట్టు. ఆయనకు వేళ్ల మీది లెక్కే లెక్క.

ఆగస్టులో సిస్టర్‌ను టీకాల పని మీద నెల రోజులు అమ్రాబాద్ పంపారు. ఆమె తిరిగొచ్చాక, సెప్టెంబరు అమావాస్య నాడు బాపు తలస్నానం చేసి, తెల్లంగి తొడుక్కుని, పెళ్లికి పోయినట్టు దవాఖానకు బయల్దేరాడు. తోడు నేను వెళ్లాను.

సిస్టర్ కార్డు చూసింది. ముఖం మారిపోయింది. "ఆగస్టు పదహారుకు ఎందుకు రాలె?"

"గది అధికమాసం గద. గది లెక్కల రాదు. గిదే నాకు ఆరో అమావాస్య. నెల అటో ఇటో అయితే ఏమైతది సిస్టరమ్మా" అని బాపు నవ్వాడు.

"రోగానికి అధికమాసం ఉంటదా? రేపే మిషన్ ఎక్కుమంటే ఏం జేస్తవ్? అమావాస్యను నమ్మిన చూడు, నాది బుద్ధి తక్కువ."

అంత కోపం ఆమెలో నేనెన్నడూ చూడలేదు. డాక్టరుకు ఫోన్ చేసింది. మొదటినుంచి మళ్లీ వేయక్కర్లేదు, ఈ నాలుగోది ఇప్పుడే వేయండి, రెండు నెలలకు రక్తపరీక్ష చేయించండి అన్నాడాయన. పదికి పైన అంకె వస్తే టీకా పట్టినట్టు. సూదులు వేసి, కార్డు నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

ఆ రెండు నెలలూ మా ఇంట్లో ముద్ద మింగుడు పడలేదు. బాపు కాళ్లు వాచాయి. దీపావళి దాటగానే డయాలిసిస్ మొదలన్నారు. దానికి రెండు రోజుల ముందు రక్తపరీక్ష కాగితం వచ్చింది. అరవై నాలుగు.

సిస్టర్ మా ఇంటికొచ్చి, మగ్గం పక్కన నిలబడి, ఆ కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత అక్కడే కింద కూలబడి కళ్లు తుడుచుకుంది. మా అమ్మ ఉప్పలమ్మ చాయ తెచ్చిచ్చింది.

బాపుకు ప్రాణం లేచొచ్చింది. "నాకు నాలుగైనయి, మా బిడ్డకు మూడైనయి. మరి నువ్వెన్ని ఏసుకున్నవ్ సిస్టరమ్మా?" అన్నాడు వేళాకోళంగా.

"ఒక్కటి గూడ లేదు పర్వతాలన్నా." గ్లాసు కింద పెట్టింది. "నాకు ఇరవై నాలుగేండ్లప్పుడు ఒక నర్సింగ్ హోంల పనికి కుదిరిన. రేపు ఏస్తం, వచ్చే నెల ఏస్తం అన్నరు. ఆ నెలల్నే వాడిన సూది నా ఏలికి గుచ్చుకుంది. అప్పటిసంది నా రక్తంల ఉంది గదే హెపటైటిస్ రోగం. దినాం గోలీ మింగుతున్న."

నాకు ఏడుపొచ్చింది. బాపు వచ్చి ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు.

"నెల అటో ఇటో అని నీ ముంగటనే నవ్వితి" అన్నాడు. "ఆ పొద్దు నన్ను ఇంకింత తిట్టకపోయినవ్ చెల్లె."