మాబాషా అన్న నడుమూ, నా ఎడమ కాలి పిక్కా

నడిరోడ్డు మీద, బస్సు నిండా జనం చూస్తుండగా, ఒంటి మీద యూనిఫారంతో ఒక కండక్టరు తన డ్రైవరు వీపు మీద కూలబడిన సంగతి మీరెక్కడైనా విన్నారా? వినకపోతే ఇప్పుడు వినండి. ఆ కండక్టరును నేనే. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, నాకేం నామోషీ లేదు. సగం జిల్లా అప్పుడే నవ్వేసింది.

ముందు నా కాలి గొప్పతనం చెప్పాలి, లేకపోతే ఈ కథ మీకు ఎక్కదు. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. లోకమంతా తల ముందు పెట్టి వస్తే నేను కాళ్ళు ముందు పెట్టి, ఫుట్‌బోర్డు మీంచి దిగినట్టు దిగాను. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తన్నితే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. నాకు నడక వచ్చిన దగ్గర నుంచీ మా ఇంటి ముందు వంగిపోయిన మనుషులే. శెనక్కాయ చెట్లు పీకి వచ్చినవాళ్ళు, గొర్రెను ఎత్తబోయి సగంలో ఆగిపోయినవాళ్ళు, ఊరికే తుమ్మి పట్టేసుకున్నవాళ్ళు. మా అవ్వ వాళ్ళను గడప ముందు బోర్లా పడుకోబెట్టి "తన్నే నాగీ" అనేది. నేను ఎడమ కాలితో మూడు తాపులు తన్నేదాన్ని. ఊళ్ళో పెద్దమనుషులందరినీ తన్ని, వాళ్ళ చేతే "చల్లగుండు తల్లీ" అనిపించుకున్న పిల్లకు గర్వం రాకుండా ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

పెద్దయ్యాక కండక్టరు ఉద్యోగం వచ్చింది. బస్సు డ్రైవర్ల నడుముల సంగతి మీకు తెలుసు కదా. చేరిన కొద్ది రోజులకే డిపోలో నా కాలి పేరు మోగిపోయింది. "నాగలక్ష్మీ, బండి తీసేలోపల ఒకటి తన్నిపోమ్మా" అని కాఫీ పోయించి మరీ అడిగేవాళ్ళు. డిపో మేనేజరు గారు కూడా ఒకసారి తలుపేసుకుని తన్నించుకున్నారు. ఆయన లేచి, ఏమీ అనకుండా బయటికి వెళ్ళిపోయారు. పెద్ద అధికారి కదా, కృతజ్ఞత బయటికి చెప్పుకోలేకపోయారని అనుకున్నాను.

నా గొప్ప ఇంకొకటి ఉండేది. డ్యూటీ ఎక్కితే నీళ్ళు ముట్టేదాన్ని కాదు. మగవాళ్ళకు దారి పొడవునా కంపచెట్లే. ఆడకండక్టరు ఎక్కడికి పోవాలి? అందుకని మండుటెండల్లో కూడా పొద్దున ఒక గుక్కతో గొంతు తడుపుకుని సాయంత్రం దాకా లాగించేదాన్ని. అదేదో కఠిన వ్రతమైనట్టు అందరికీ చెప్పుకునేదాన్ని కూడా. ఆ వ్రతఫలమే ఇప్పుడు మీరు చదవబోయేది.

ఆ రోజు నల్లమాడ నుంచి కదిరికి పొద్దున ట్రిప్పు. డ్రైవరు మాబాషా అన్న. పొద్దెక్కకముందే సీట్ల రేకులు కాలుతున్నాయి. దారిలో ఒక ఊరి దగ్గర అత్తాకోడళ్ళు ఎక్కారు. అత్త పేరు ఎర్రమ్మ, కోడలు సుజాత. కోడలి చేతిలో లావుపాటి పుస్తకం, అత్త చేతిలో మజ్జిగ సీసా.

"కదిరికి రెండు. ఏమ్మా, తొమ్మిదికంతా పోతాదా బస్సు?" అని అడిగింది ఎర్రమ్మ.

"అంతకు ముందే పోతాది పెద్దమ్మా. యాలా అంత తొందర?"

"మా కోడలికి టీచరు పరీచ్చ. తొమ్మిది దాటితే గేటు ఏసేస్తారంట. రెండేండ్లు ఈపాప సదువుకుంటాంటే గొర్లు నేనే మేపినా, సంగటి నేనే కెలికినా. ఈ పొద్దు గేటు ఏసినారంటే ఆ గేటు పీకి ఇంటికి తెస్తా."

"గట్టిగా మాట్లాడొద్దత్తా" అని సుజాత పుస్తకంలో మొహం దాచుకుంది. కానీ అప్పటికే బస్సంతా విన్నది. ఆ క్షణం నుంచి అది బస్సందరి పరీక్ష అయిపోయింది.

తర్వాత స్టేజీలో నారాయణ అనే ఆయన టమాటా బాక్సులతో నిలబడి ఉన్నాడు. ఆలస్యమవుతుందని మాబాషా అన్న తానే దిగి ఒక బాక్సు పట్టాడు. కటుక్కుమన్న చప్పుడు ఫుట్‌బోర్డు మీదున్న నాకే వినబడింది. బాక్సు కింద పెట్టగలిగాడు గానీ, మనిషి మళ్ళీ లేవలేదు. జారిపోయిన రూపాయి బిళ్ళ వెతుక్కుంటున్నట్టు అలాగే వంగి ఉండిపోయాడు.

"ఏమైందన్నా?"

"నడుము పట్టేసినాది నాగలక్ష్మీ. లేచేకీ కాదు, కూకునేకీ కాదు."

డిపోకు ఫోన్ చేస్తే ఇంకో డ్రైవరు రావడానికి గంట పడుతుందన్నారు. గంట అయితే గేటు మూసేస్తారు. సుజాత మొహం పాలిపోయింది. ఎర్రమ్మ మాత్రం రోడ్డుకు అడ్డంగా నిలబడింది. అంతలో ఒక మోటారు సైకిలు వచ్చింది. ఇద్దరు మనుషులు, నడుమ ఒక మేక.

"ఆ మేకను ఈడ దింపి మా కోడలిని ఎక్కించుకోండప్పా."

"సంతకు పోతాండాం పెద్దమ్మా. సంతలో మీ కోడలిని అమ్మేకి కాదు కదా" అని వాళ్ళు పక్కనుంచి పోయారు. మేక ఒక్కటే వెనక్కి తిరిగి చూసింది.

అప్పుడు మాబాషా అన్న వంగినచోటి నుంచే అన్నాడు. "ఇంకో డ్రైవరు యాలమ్మా, నువ్వు ఉండావు కదా. తన్ను."

నిజం చెప్పొద్దూ, ఆ మాట కోసమే నేను కాచుకుని ఉన్నాను. డిపోలో తన్నడం వేరు, ఇంత జనం ముందు తన్నడం వేరు. "దిగండి, అందరూ దిగండి. గాలి రావల్ల" అని బస్సు మొత్తం ఖాళీ చేయించాను. గాలికి కాదు, చూడడానికి. వేపచెట్టు నీడలో తువ్వాలు పరిచి, మాబాషా అన్నను నలుగురు పట్టి బోర్లా పడుకోబెట్టారు. నేను చెప్పు విడిచి, ఎడమ కాలు ఎత్తాను.

"ఉండు మేడమ్, ఉండు. వీడియో తీస్తా" అన్నాడు నారాయణ.

ఉన్నాను. అక్కడే నా పతనం మొదలైంది.

"ఫోను అడ్డం తిప్పుకుంటా. ఆఁ. ఎండ మొకం మీద పడతాండాది, రోంత ఇట్ల తిరుగు."

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, ఒంటికాలి మీద తిరిగాను. వీడియోలో బాగా కనబడాలని మడమ పైకెత్తి వేళ్ళు ముందుకు చాచాను కూడా.

"తన్నేదుంటే తన్ను, లేకుంటే దింపు. గేటు ఏసేస్తారు" అంది ఎర్రమ్మ.

"ఎత్తిన కాలు దింపితే బలం పోతాది పెద్దమ్మా" అన్నాను. ఆ నియమం నాకు అప్పుడే తోచింది.

"నాగలక్ష్మీ, ఇంకా ఏమమ్మా?" అన్నాడు కిందనుంచి మాబాషా అన్న.

"వస్తాండా అన్నా" అన్నాను. కానీ వచ్చింది నా తాపు కాదు. పిక్కలో ఎవరో తడిగుడ్డను పట్టుకుని మెలితిప్పి పిండారు. కాలు నాదే గానీ నా మాట వినడం లేదు. చాచిన వేళ్ళు చాచినట్టే బిగుసుకుపోయాయి. "అమ్మా" అన్నానో, "అన్నా" అన్నానో తెలియదు, ఉన్నదాన్ని ఉన్నట్టు కూలబడ్డాను. సరిగ్గా మాబాషా అన్న నడుము మీద. నా బరువెంతో ఇక్కడ రాయను. దానికి టికెట్ల మిషనూ, చిల్లర సంచీ అదనం.

లోపల ఏదో కటక్కుమంది. జనం ఒక అడుగు వెనక్కి వేశారు. నారాయణ ఫోను మాత్రం దించలేదు. డ్రైవరును చంపేశాననుకున్నాను. 

అప్పుడు కిందనుంచి సన్నగా వినబడింది. "పోయినాది."

"ఏం పోయినాది అన్నా? పానమా?"

"నొప్పి. లెయ్యి రోంత."

నేనెక్కడ లేస్తాను? పక్కకు దొర్లాను, అంతే. మాబాషా అన్న లేచి నిలబడ్డాడు. అటు వంగాడు, ఇటు వంగాడు, పెళ్ళికొడుకులా తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నడుము కొత్తదైపోయినాది. ఎక్కండప్పా, ఎక్కండి, పాప పరీక్షకు టైమైతాండాది" అని కేకేశాడు. గొర్రెలు దొడ్లోకి దూరినట్టు జనమంతా బస్సులోకి దూరారు. ఇంజను మోగింది.

నేను వేపచెట్టు కింద పిక్క పట్టుకుని పొర్లుతున్నాను. అరిస్తే ఇంజను మోతలో నా గొంతు కలిసిపోతోంది. అప్పుడు మెడలో ఈల గుర్తొచ్చింది. గట్టిగా ఊదాను. మళ్ళీ ఊదాను. మా లెక్కలో ఒక ఈలకు బండి ఆగాలి, రెండు ఈలలకు బండి కదలాలి. ఇరవై ఏళ్ళుగా ఆ ఈలలకు అలవాటుపడిన మాబాషా అన్న, రెండు వినగానే గేరు వేశాడు. నా బస్సు నన్ను వదిలి, నా మొహాన దుమ్ము కొట్టి, కదిరి దారి పట్టింది.

కండక్టరు లేకుండా పోయిన బస్సులను మీరు చూసి ఉంటారు. ఈల వేసి మరీ సాగనంపిన కండక్టరును చూసి ఉండరు. మలుపు దాకా పోయాక, ఎర్రమ్మ తల కిటికీలోంచి బయటికి వచ్చింది. ఆమె ఏమరిచిందో తెలియదు గానీ బస్సు ఆగి, అంత దూరమూ వెనక్కి నడిచి వచ్చింది.

"రెండు ఈలలు వినపడె. రైట్ అనుకున్యా" అన్నాడు మాబాషా అన్న.

"అవి ఈలలు కాదన్నా, ఏడుపు."

నన్ను మోసుకెళ్ళి వెనక పొడుగు సీటు మీద పడుకోబెట్టారు. బస్సు పరుగెత్తుతోంది. చుట్టూ వైద్యులే. చేతిలో ఇనుప తాళంచెవి పెట్టమన్నారొకరు. పిక్క మీద గుద్దమన్నారొకరు. నారాయణ అయితే బస్సంతా తిరిగి, "ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళు ఇంకెవరన్నా ఉండారా? ఈమెకొక తాపు కావల్ల" అని వాకబు చేశాడు. పిక్కలో గడ్డ కోడిగుడ్డంత లేచింది. నాకు నొప్పి కన్నా, పేరుమోసిన కాలికి ఈ గతి పట్టిందే అన్న బాధ ఎక్కువగా ఉంది.

సుజాత పుస్తకం మూసి వచ్చింది. "గుద్దొద్దండి. మోకాలు వంచకుండా కాలు చాపి, పాదం వేళ్ళను ఆమె తట్టు మెల్లగా వంచల్ల. పిక్క కండరం సంకోచించి వదల్లేదు. ఒంట్లో నీళ్ళూ లవణాలూ తగ్గినప్పుడు..."

"ఆ ముక్క ఆడ రాయి. ఈడ మోకాలు అదిమి పట్టు" అంది ఎర్రమ్మ. కోడలు మోకాలు అదిమింది. అత్త నా పాదాన్ని రెండు చేతులా పట్టి, వేళ్ళను నా వైపు మెల్లగా తోసింది. తోసి అలాగే పట్టుకుంది. ప్రాణం పోయిందనుకున్నాను. కాసేపటికి గడ్డ కొంచెం కొంచెంగా కరిగింది. తర్వాత ఆమె గొర్రెపిల్లను నిమిరినట్టు పిక్కను పైనుంచి కిందికి నిమిరింది.

"పొద్దున్నుంచి ఏం తాగినావు?"

"ఏమీ లేదు పెద్దమ్మా. దారిలో దిగేకి తావు ఉండదు కదా." ఎప్పుడూ గొప్పగా చెప్పే మాటను అప్పుడు తప్పు ఒప్పుకున్నట్టు చెప్పాను.

ఎర్రమ్మ నా మొహంలోకి చూసింది. కోడలి పరీక్ష కోసం తెచ్చిన ఉప్పుమజ్జిగ సీసా మూత తీసి నా నోటి దగ్గర పెట్టింది. "తావు లేకుంటే మంచి ఇల్లు చూసి బస్సు ఆపు. నీ బస్సే కదా. మగోళ్ళు ఆపడంల్యా?"

"ఆపుతా పెద్దమ్మా" అని ముందునుంచి మాబాషా అన్న సమాధానం చెప్పాడు. "నోరు తెరిచి అడగవల్ల కదా ఈపాప. యాడంటే ఆడ ఆపుతా." నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒంట్లో అన్ని నీళ్ళు ఉన్నాయని అప్పుడే తెలిసింది.

కదిరిలో బస్సు బస్టాండుకు పోలేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. మాబాషా అన్న నేరుగా పరీక్ష సెంటరు ముందుకు తోలాడు. వాచ్‌మన్ గేటు సగం మూశాడు. బస్సు ముక్కు గేటు దగ్గర ఆగేసరికి ఆ మిగతా సగం మూయడానికి చెయ్యి రాలేదతనికి. సుజాత దూకి పరుగెత్తింది. ఆమె లోపల కాలు పెట్టాక గేటు మూసుకుంది. బస్సంతా కిటికీల్లోంచి చప్పట్లు కొట్టింది. ఎర్రమ్మ మాత్రం రోడ్డు మీదే కూర్చుని ఏడ్చింది. తర్వాత ఆ టీచరు ఉద్యోగం సుజాతకు వచ్చింది కూడా. ఆ రోజు ఆ బస్సుకు కండక్టరును నేనని చెప్పుకోవడానికి నాకు ఈరోజుకీ ఛాతీ పొంగుతుంది.

కానీ అప్పటి పొంగు మాత్రం రెండు రోజులే నిలిచింది. మూడో రోజుకు నారాయణ వీడియో డిపో దాకా వచ్చింది. మేనేజరు గారు నన్నూ మాబాషా అన్ననూ పిలిపించారు. మెమో ఖాయమనుకుంటూ వెళ్ళాం. ఆయన కుర్చీలో కూర్చోకుండా, బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"డ్యూటీలో డ్రైవరు మీద కూచునింది నువ్వేనా?"

"నేనే సార్."

"బస్టాండు వదిలి గేటుకాడికి తోలింది నువ్వేనా?"

"నేనే సార్" అన్నాడు మాబాషా అన్న.

"ఆ పాపకు పరీక్ష అందిందా?"

"అందింది సార్."

"సరే. మాబాషా, తలుపు కాడ నిలబడు. ఎవరూ ఫోను తియ్యకుండా చూసుకో" అంటూ ఆయన నేల మీద పేపరు పరుచుకుని, మూలుగుతూ బోర్లా పడుకున్నారు. నా గుండె నిండిపోయింది. ఇంత జరిగినా నా కాలి పరువు చెక్కుచెదరలేదు. చెప్పు విడిచి, ఎడమ కాలు ఎత్తాను.

"తన్నొద్దమ్మా" అన్నారాయన. "పోయినసారి తన్నించుకున్యా, ఏమీ కాల్యా. నీ మనసు నొచ్చుకుంటాదని చెప్పల్యా. ఈసారి నేరుగా పడు."

నేను మాబాషా అన్న వైపు చూశాను. ఆయన తల దించుకుని, "నిజమే నాగలక్ష్మీ. తన్నితే మాలో ఎవరికీ ఎప్పుడూ తగ్గల్యా. చెప్పేకి మొహమాటం. ఆ పొద్దు ఏరే దోవ లేక తన్నమన్యా" అన్నాడు.

కాబట్టి అందరికీ తెలియజేయడమేమంటే, ఎదురుకాళ్ళ నాగలక్ష్మి అనే నేను బస్సు స్టీరింగు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సీసాడు మజ్జిగ తాగకుండా బస్సెక్కను. ఫోను చూసి కాలు చాచను. ఇక ఈ జన్మలో ఏ మగవాడి నడుము మీదా పడను. మేనేజరు గారి మీద పడింది ప్రమాణానికి ముందు కాబట్టి అది లెక్కలోకి రాదు. ఆయన నడుము మాత్రం, మీరు నమ్మినా నమ్మకపోయినా, ఇప్పటిదాకా మళ్ళీ పట్టలేదు.