సిరిసిల్ల బండిలో లేని పేరు

జగిత్యాలలో క్లాక్ టవర్ దగ్గర మేడ మీద నాకో గది ఉంది. పెళ్లిళ్లు, ఫంక్షన్లు చేయించే పని నాది. మొదట్లో అంతా నోటుబుక్కుల్లోనే నడిచేది. టెంట్ హౌస్‌కు ఒక పేజీ, వంటవాళ్లకు ఒకటి, బండ్లకు ఒకటి. తర్వాత అన్నీ ఒకే చోట చూసుకునే సాఫ్ట్‌వేర్ తీసుకున్నాను. చుట్టాల జాబితా, పిలుపు మెసేజ్‌లు, ఎవరు ఏ బండి ఎక్కాలి, ఏ గంటకు ఏం జరగాలి, అంతా అందులోనే. పిలుపు చూసినవాళ్ల పేరు పక్కన పచ్చ గుర్తు పడుతుంది. గుర్తులు నిండుతుంటే పెళ్లి సగం అయిపోయినట్టే అనిపించేది. నా పొగరు అక్కడే మొదలైంది.

కోరుట్లలో ఒక పెళ్లి ఒప్పుకున్నాను. పెళ్లికూతురి తల్లే వచ్చి మాట్లాడింది. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు, పెళ్లికి పదిరోజుల ముందు తప్ప సెలవు దొరకదు. జాబితా తనే కాగితం మీద రాసుకొచ్చింది. సిరిసిల్లలో తన అన్న ఉన్నాడని, అన్నిటికన్నా ముందు అక్కడికి పోయి బొట్టు పెట్టి పిలిచి రావాలని చెప్పింది. మా వైపు అంతే. పెళ్లి ఖాయం చేసుకునే వరపూజకు వచ్చి కూర్చున్న మనిషినైనా పెళ్లికి మళ్లీ ఇంటికి పోయి పిలవాల్సిందే. లేకపోతే తేదీ తెలిసినా రాడు. పైగా ఆయన మేనమామ. పిల్లను బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావాల్సింది ఆయనే.

నేను వద్దన్నాను. ఈ ఎండల్లో అంత దూరం ఎందుకని, పిలుపు నేను పంపుతానని, ఆయన చూసింది లేనిది కూడా చెప్తానని అన్నాను. అప్పుడు ఆమె అన్న సంగతి చెప్పింది. అన్న ముప్పై ఏళ్లు మరమగ్గాల మధ్య పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. వదిన పోయినంక ఒక్కడే ఉంటున్నాడు. వినపడదు కాబట్టి ఫోన్ పెట్టుకోడు. ఏదున్నా పక్కింటి ఆమె నంబరుకే పంపుతారు. పర్వాలేదు, అందులోనే పంపుదామన్నాను. నా మాట నమ్మి ఆమె ప్రయాణం మానుకుంది.

పేర్లు ఎక్కిస్తుంటే పక్కింటామెకూ, అన్నకూ ఒకే నంబరు వచ్చింది. ఇద్దరూ ఒకరేనా, కలిపెయ్యాలా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. నేను పేర్లు చదవకుండానే అవునని నొక్కాను. పక్కింటామె పేరు మిగిలింది, అన్న పేరు పోయింది. అది అడిగింది, నేను జవాబిచ్చాను. తప్పును దాని మీదికి నెట్టడానికి దారి లేదు.

పెళ్లికి ముందురోజు ఆమె రెండుసార్లు అడిగింది, అన్న ఇంకా రాలేదేమని. రేపు పొద్దున సిరిసిల్ల బండిలో వస్తాడని చెప్పాను. జాబితా తెరిచి చూడను కూడా లేదు.

పెళ్లిరోజు ఏడు గంటలకు, పసుపు చేతులతోనే వచ్చి, అన్న బండి ఎక్కిండా అని అడిగింది. ఫోన్ తెరిచాను. ఆ బండిలో పదహారు పేర్లు. ఆయన పేరు లేదు. చుట్టాల జాబితాలో వెతికితే అక్కడా లేదు. అవునని నొక్కిన నిమిషం అప్పుడు గుర్తొచ్చింది.

ఆ క్షణమే చెప్పి ఉండాల్సింది. ఫంక్షన్ హాల్ ముందు నా కారు ఉంది. సిరిసిల్లకు పోయి రావడానికి మూడు గంటలు, ముహూర్తానికి నాలుగు గంటలు ఉన్నాయి. కాని ఆమె వెనుక ఇద్దరు చుట్టాలు నిలబడి వింటున్నారు. వాళ్లింట్లోనూ వచ్చే నెల పెళ్లి ఉంది.

"మెసేజ్ పోయిందక్కా. చూసిండు గూడ. జవాబియ్యలే," అన్నాను.

ఆమె ముఖం బిగుసుకుపోయింది. చూసి కూడా రానోన్ని తాను పోయి బతిమాలనని, రాకుంటే రాకపాయెనని అంది. భర్త వైపు చుట్టాల్లో తనకు వరుసకు తమ్ముడయ్యే ఒకాయనను పిలిచి, బుట్ట నువ్వు పట్టాలని చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది గాని, కొంగుతో చేతులు తుడిచిందే తుడిచింది. నేను పూలవాళ్ల దగ్గరికి పోయాను. అక్కడ నాకు పనేమీ లేదు. దండలు లెక్కబెడుతూ నిలబడ్డాను. గేటు దగ్గర హారన్ వినపడ్డప్పుడల్లా లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి.

ఎనిమిది దాటాక సిరిసిల్ల బండి వచ్చింది. పక్కింటామె దిగుతూనే పెళ్లికూతురి తల్లిని చూసి నవ్వింది.

"మమ్ముల పిలిచి తోడబుట్టినోన్ని మర్సిపోతివా వదినే?"

"ఫోన్ల చూసి గూడ రాలేదట గదా."

"గా ఫోన్ నాది. దాంట్ల నా పేరొక్కటే ఉండె. ఆయినకు సూపిస్తే నా పేరేదని అడిగిండు. మల్ల పంపుతరేమో అని ఇన్ని దినాలు సూసిండు. తెల్లారంగనే పనికి పోయిండు."

పెళ్లికూతురి తల్లి నా వైపు తిరిగింది. ఫోన్ చేద్దామంటే, ఆయనకు చేరే ఒక్క ఫోన్ మా ముందే, కోరుట్లలో ఉంది. అప్పుడు చెప్పాను. పేరు పోయింది నా చేతిలోనే అని, పొద్దున చెప్పింది అబద్ధమని. ఆమె తిట్టలేదు. లోపలికి పోయి కుంకుమ పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పో. ఆయన ముంగట గిదే మాట చెప్పు," అంది.

కారు తీసుకుని సిరిసిల్ల దారి పట్టాను. కథలాపూర్, రుద్రంగి, వేములవాడ. అడ్డమొచ్చిన ప్రతి ట్రాక్టర్ దగ్గరా టైం చూసుకున్నాను. పక్కింటామె చెప్పిన మరమగ్గాల షెడ్డుకు చేరేసరికి పదికి ఇరవై నిమిషాలు తక్కువ. లోపల మగ్గాల చప్పుడు. దగ్గరికి పోయి మెల్లగా చెప్పాను. ఆయన చెవి మీద చెయ్యి పెట్టాడు. మళ్లీ చెప్పాను. వినపడలేదు. పక్క మగ్గం మనిషి నన్ను చూసి తన మగ్గం ఆపాడు, తర్వాత ఇంకొకరు. చివరికి షెడ్డంతా వినేలా అరిచి చెప్పాల్సి వచ్చింది.

"నీ పేరు నేనే తీసేసిన. మీ చెల్లె తప్పు లేదు. ఆమెకు గూడ అబద్ధం చెప్పిన."

ఆయన తన మగ్గం ఆపాడు.

"బొట్టు పెట్టలే, సరే. గా ఫోన్ల గూడ నేను లేనా?" అన్నాడు.

పొట్లం విప్పబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వు పెట్టద్దు. మా చెల్లె పెడ్తది."

పొట్లం జేబులో వేసుకుని, ఇంటికి పోయి అంగీ మార్చుకుని వచ్చి కారెక్కాడు. దారిలో మధ్యమధ్య నా చేతి గడియారం వైపు చూశాడు.

హాల్ ముందు దిగేసరికి పదకొండు ఇరవై. జీలకర్ర బెల్లం అయిపోయింది. బుట్టను ఎవరో గోడకు ఆనించి పెట్టారు. ఆయన దాన్ని చూసి, ముందుకు పోకుండా చివరి వరుసలో కూర్చున్నాడు. చెల్లెలు మండపం దిగి వచ్చింది. ఆయన జేబులోంచి పొట్లం తీసి ఇచ్చాడు. ఆమె బొట్టు పెడుతుంటే కళ్లు మూసుకున్నాడు. ఆమె ఏదో అంది, ఆయనకు వినపడి ఉండదు.

తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ నా దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, ఏడు గొట్టంగ నేనడిగినప్పుడే నిజం చెప్తే, అన్న అందుకుంటుండెనా?"

వేములవాడ దగ్గర రద్దీ అని, ట్రాక్టర్లని, చెప్పడానికి చాలానే ఉన్నాయి.

"అందుకుంటుండె అక్కా," అన్నాను.

ఆమె తల ఊపి, అన్నను బువ్వకు లేపడానికి వెళ్లిపోయింది.