సగం జడ

మా చెల్లెలి మనవరాలు యూనివర్సిటీలో చదువుతోంది. మొన్న సెలవులకొచ్చి, నా వెనకాల కూర్చుని తలకు నూనె పెడుతూ ఒక ముచ్చట చెప్పింది. వాళ్ల దగ్గర ఒక గది ఉందట. మనసు బాగాలేని పిల్లలు, ఇంట్లోనో బయటో దెబ్బలు తిన్న పిల్లలు వెళ్లి కూర్చుంటే, ఒక మేడమ్ ఎంతసేపైనా వింటుందట. "మీ కాలంల గిసొంటివి ఏడుండె అమ్మమ్మా!" అంది. నాకు నవ్వొచ్చింది. నూనె చుక్క చెవి వెనక్కి జారింది. ఆ వెచ్చదనానికే కరీంనగర్‌లోని మా పాత హాస్టల్ వాకిలి కళ్లముందుకొచ్చేసింది.

అరవైల మాట. కాలేజీ చదువుకొచ్చిన ఆడపిల్లలం గుప్పెడుమందిమి, ఒక పెంకుటింట్లో ఉండేవాళ్లం. మా వార్డెన్‌ను ఖాలమ్మ అనేవాళ్లం, అంటే పిన్నమ్మ. నోట్లో ఎప్పుడూ పాన్. ఆదివారం ఒక్కొక్కరినీ పట్టి తల దువ్వేది. అబ్బో, ఏం దువ్వుడది! కనుబొమలు నెత్తికెక్కేవి. అయినా వరసకట్టి మరీ కూర్చునేవాళ్లం. ఎందుకంటే ఆమె మన వెనక ఉండేది, మన మొహం ఆమెకు కనబడేది కాదు. గోడకేసి చూస్తూ ఏదైనా చెప్పుకోవచ్చు. పరీక్ష భయమో, ఇంటి మీద బెంగో, నోటితో చెప్పరాని కష్టమో. ఆమె "ఊఁ" అనేది, అంతే. ఒకరి మాట ఇంకొకరి చెవిన పడనిచ్చేది కాదు.

నాకప్పటికే పెళ్లయింది. అత్తగారి ఊరు ఇచ్చోడ. బాపు అల్లుణ్ణి బతిమాలి బామాలి నా చదువుకు ఒప్పించాడు. మొదటి ఆదివారమే ఖాలమ్మ దువ్వెన నా నెత్తిమీద ఒకచోట తట్టుకుని ఆగింది.

"గిదేంది బేటీ?"

"బాయికాడ పడ్డ."

బాపుకు కూడా అదే చెప్పాను. ఆమె ఇంకేమీ అడగలేదు. ఆ మచ్చ చుట్టూ మెల్లగా దువ్వింది. వారం వారం అట్లాగే. వానలు మొదలైన ఒక ఆదివారం, ఎవరూ అడక్కుండానే, గోడతో చెప్పినట్టు చెప్పేశాను. "పడలే ఖాలమ్మా. ఇత్తడి చెంబుతోటి కొట్టిండు."

దసరా ముందు మా ఆయన రానే వచ్చాడు. "సదివింది సాలు, తోల్కపోతందుకు వచ్చిన" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఖాలమ్మ అప్పుడే నా జుట్టు మూడు పాయలు తీసి ఉంది.

"జర కూసోండ్రి. సగం జడతోటి ఆడిపిల్ల గడప దాటితే మీ ఇండ్లల్ల మంచిది కాదంటరు గద" అంది.

మా ఆయన ఎవరైనా తుమ్మితే మంచినీళ్లు తాగి కూలబడే మనిషి. కిక్కురుమనకుండా అరుగుమీద కూర్చున్నాడు.

ఆమె జడ అల్లుతూ నా చెవిలో అడిగింది. "పోతవా బేటీ?"

"మీ ఇష్టం" అన్నాను. అల్లిన జడంతా విప్పేసింది. మళ్లీ అల్లింది, మళ్లీ అడిగింది. "బాపు ఇష్టం" అన్నాను. విప్పేసింది. "ఏమో" అన్నాను. అదీ విప్పేసింది. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ అడగని ప్రశ్న, జవాబు ఎక్కణ్ణుంచి తేను? వాకిట్లో పావురాలు కూస్తున్నాయి. నూనె వాసన, పాన్ వాసన, జుట్టులో కదిలే వేళ్లు. కళ్లు బరువెక్కుతున్నాయి. గుమ్మం పర్దా అవతల ఆయన చెప్పుల కిర్రు ఏటి అవతలి ఒడ్డున ఎవరో నడుస్తున్నట్టు దూరమైపోయింది. నిద్రో మెలకువో తెలియని ఆ మగతలో ఎవరిదో గొంతు వినిపించింది.

"పోను."

నాదే.

అప్పుడు ఖాలమ్మ జడను చివరిదాకా అల్లి రిబ్బను ముడేసింది. లేచి పర్దా తీసి, "పిల్ల రాదంట. బస్సుకు యాల్లయితంది, మీరు పోండ్రి" అంది. ఆయన వీధంతా వినబడేలా అరిచాడు. ఆమె గడపలో అడ్డంగా నిలబడి పాన్ నములుతూనే ఉంది. నాలుగు రోజులకు బాపు వచ్చాడు, నన్ను తిట్టడానికే. ఖాలమ్మ నా తల వంచి, జుట్టు పక్కకు తీసి ఆ మచ్చ చూపించింది. బాపు తిట్టు నోట్లోనే ఉండిపోయింది. నా జుట్టు తనే సర్ది, "సదువుకో బిడ్డా" అన్నాడు.

చదువుకున్నాను, టీచరునయ్యాను. ఇచ్చోడ బస్సు మళ్లీ ఎక్కలేదు. ఇప్పుడు జడకు సరిపడా జుట్టే లేదు, అది వేరే సంగతి. ఇవన్నీ తలుచుకుంటుండగా మనవరాలి వేళ్లు నా నెత్తిమీద ఒకచోట ఆగాయి. పిల్ల ఆ మచ్చ చుట్టూ మెల్లగా నూనె రాసింది. కాలం ఎవరికోసమూ ఆగదంటారు. నాకోసం ఒక మధ్యాహ్నం ఆగింది, నేను నోరు తెరిచేదాకా.