పాతర ఉన్న మూల

మా కొత్త ఇంటికి పునాది తవ్వుతుంటే నేను ఒడ్డున కుర్చీ వేసుకుని, గొడుగు కింద కూర్చున్నాను. కుర్చీ బడి నుంచి తెచ్చింది. ఒంటి మీద షేర్వానీ. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నేను పట్టపగలే పట్టాను, అంతే తేడా.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మొయినాబాద్‌లో సర్కారు బడి పంతుల్ని. నిజాం పాలన, పైగా యుద్ధం రోజులు. మా ఊరు చేవెళ్ల దారిలో ఉంటుంది. ఊరికి ఎడంగా మా వాడ, వాడలో ఒక చిన్న ప్రార్థన మందిరం, దాని చుట్టూ గుడిసెలు. మాలో రాతి ఇల్లు కట్టబోయిన మొదటివాళ్లం మేమే. ఆ స్థలం ఒకప్పుడు దొర కళ్లం. దొర వారసులు అమ్ముకుంటే మా బాపు కొన్నాడు. బాపు ఊరూరా తిరిగి ప్రార్థనలు చేయించేవాడు కనుక వారంలో సగం రోజులు ఇంట్లో ఉండేవాడు కాడు. ఆ వారం పోతూ పోతూ నాకు రెండు మాటలు చెప్పాడు.

"మొరం తగిలేదాక తవ్వియ్యి. మొదటి రాయి మా అక్క పెట్టాలె. నేనొచ్చేదాక ఆపు."

ఇంటి ఆడబిడ్డ చేత్తో మొదటి రాయి పెట్టించడం మా ఇళ్లల్లో ఆనవాయితీ. బాపుకు ఒక్కతే అక్క, నాకు మేనత్త. సురంగల్‌లో ఇచ్చారు. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయాడు, పిల్లలు లేరు. ఏ శుభకార్యంలోనూ ఎవరూ ముందుకు పిలవని మనిషి. దేవుని బిడ్డలమని ఎంత చెప్పుకున్నా ఆ పట్టింపు మాత్రం మావాళ్లను వదల్లేదు. బాపు ఒక్కడే పట్టుబట్టి "నీ చేత్తోనే పెట్టిస్త" అని మాటిచ్చాడు. ఆమె ఆ రాయి కోసం ఒక కొత్త చీర మడత విప్పకుండా దాచుకుంది. సురంగల్‌లో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు.

పునాది తవ్వడానికి చుట్టాలే పలుగూ పారా పట్టుకుని వచ్చారు. కూలీ నాలీ లేదు, పూటకింత గటక, అంతే. అత్త కూడా రోజూ పొద్దున్నే నడిచి వచ్చి తట్టలు మోసేది. నేను మోయలేదు. పంతుల్ని కదా.

మూడో రోజు పట్నం నుంచి మేస్త్రీ వచ్చాడు. గడ్డం నెరిసిన పెద్దమనిషి. రాగానే నాకు సలాం చేసి "మాస్టర్ సాబ్" అన్నాడు. అంత వయసు మనిషి నన్ను సాబ్ అనడం అదే మొదలు. ఆ ఒక్క ముక్క నాకు కల్లులా ఎక్కింది.

మేస్త్రీ గోతుల వెంట నడుస్తూ చూస్తున్నాడు, నేను వెనక నడుస్తున్నాను. ఈశాన్యం మూలన అత్త ఒక్కతే గోతిలో ఉంది. మిగిలినవాళ్లు అవతలి వైపు తవ్వుతున్నారు. ఆమె తల పైకెత్తి నన్ను పిలిచింది.

"అల్లుడా, ఈ మూలకు జర లోతుకు పోవాలె. ఈడ పాతర ఉండె."

పాతరంటే జొన్నలు దాచే గొయ్యి. లోపల చొప్ప పరిచి, గింజలు పోసి, పైన మట్టి కప్పేవారు. మళ్లీ తెరిచినప్పుడు లోపలి గాలి మనిషిని చంపేంత విషంగా ఉండేది. అందుకని ముందు మా వాడవాళ్లనే దింపేవారు.

"నాకు పదేండ్లప్పుడు దొర మనుషులు నడుముకు తాడు గట్టి నన్నే దింపుతుండిరి. వెట్టికి పోకుంటే..."

మేస్త్రీ వింటున్నాడు. నా చెవులు వేడెక్కాయి. నన్ను సాబ్ అన్న మనిషి ముందు వెట్టి మాట, తాడు మాట!

"పనికొచ్చినవ్, పని చెయ్యి. ముచ్చట్లు ఎవరడిగిన్రు నిన్ను?" అన్నాను.

అత్త వంగి తట్ట ఎత్తుకుంది. మేస్త్రీ నా వైపు తిరిగాడు. "అల్లుడా అంటున్నది. మీ చుట్టమా సాబ్?"

"కాదు. కూలి మనిషి," అన్నాను. "ఊళ్లె అందరు వరస కలిపే పిలుస్తరు."

ఆమె నాలుగడుగుల దూరంలో ఉంది. వినపడలేదని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. వినపడింది.

మధ్యాహ్నం దప్పికని ఆమె ఒడ్డెక్కింది. కుండ నా కుర్చీ పక్కనే ఉంది, చెంబు కుండ మీదే ఉంది. చెంబు ఆమె చేతికిస్తే సరిపోయేది. మేస్త్రీ అక్కడే రాతి మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. కూలి మనిషి అన్నాక చెంబు ఎట్లా ఇస్తాను? ఊరి బావిలో మావాళ్లను చేద వేయనివ్వరు. దోసిలి పట్టి నిలబడితే ఎవరో ఒకరు దయతలచి పైనుంచి పోస్తారు. నేను చెంబు ముంచి, నిలబడి, సరిగ్గా అంతే ఎత్తుకు ఎత్తాను. ఎవరూ నేర్పక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి కింద నిలబడి చూసిన ఎత్తే అది.

అత్త ఒక్క క్షణం నన్ను చూసింది. ఆ తర్వాత నడుము వంచి దోసిలి పట్టింది.

"పొయ్యి దొరా," అంది.

కోపం లేదు ఆ గొంతులో. నేనాడిన అబద్ధం మేస్త్రీ ముందు బయటపడకుండా ఆమే కాపాడింది. నాకు సిగ్గు అప్పుడే రావాల్సింది. అబద్ధం నిలబడిందన్న నిమ్మళం వచ్చింది ముందు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నాకే చూసుకోబుద్ధి కాదు.

సాయంత్రం మేస్త్రీ పునాదుల్లో మధ్య మధ్య మట్టి కట్టలు వేయించి, నీళ్లు నింపించాడు. నేల గట్టిదైతే నీళ్లు నిలుస్తాయి, గుల్లదైతే తాగేస్తుంది. తెల్లారి చూస్తే అన్ని వైపులా నీళ్లు నిలిచే ఉన్నాయి. ఈశాన్యం మూలన చుక్క లేదు. అడుగున మట్టి కుంగి, చెయ్యి దూరేంత బొంద పడింది.

"ఆ కూలి మనిషిని పిలిపించుండ్రి సాబ్. ఆమెకే ఎరుక," అన్నాడు మేస్త్రీ.

ఆ రోజు అత్త పనికి రాలేదు. నేనే సురంగల్ నడిచాను. దారి పొడుగునా క్షమాపణ మాటలు కూర్చుకుంటూ పోయాను. ఆమె వాకిట్లో పేడకళ్లు ఎత్తుతోంది. నన్ను చూడగానే "మూల కుంగెనా?" అని అడిగింది.

"మేస్త్రీ రమ్మంటున్నడు," అన్నాను. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. అప్పుడు కూడా మేస్త్రీ వెనకే దాక్కున్నాను.

చేతులు కడుక్కుని వచ్చింది. దారిలో నా వెనక పది గజాల దూరంలో నడిచింది. నేను ఆగితే తనూ ఆగింది. నేను మెల్లగా నడిస్తే తనూ మెల్లగా నడిచింది. కూలి మనిషి దొర వెనక ఎట్లా నడవాలో అట్లాగే.

గోతిలో దిగి పాతర అంచు ఎక్కడిదాకా ఉందో కాలితో గీసి చూపించింది. నడుము లోతు తవ్వితే బూడిద, కుళ్లిన చొప్ప బయటపడ్డాయి. అదంతా ఎత్తిపోసి, గట్టి మొరం తగిలాక రాళ్లు నింపి దిమ్మిస కొట్టడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను కుర్చీలో కూర్చోలేదు. తట్టలు మోశాను. ఆమె నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

మూడో రోజు బాపు వచ్చాడు. ప్రార్థన అయింది. మొదటి రాయి ఆ మూలనే పెడదామన్నాడు మేస్త్రీ. అత్త అందరి వెనక, మట్టి కొట్టుకుపోయిన పని చీరలోనే నిలబడి ఉంది.

"అక్కా, రా! ఆడ నిలవడ్డవేంది?" అని కేకేశాడు బాపు.

మేస్త్రీ ఆమెను చూశాడు, బాపును చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"మేస్త్రీతోని పెట్టియ్యరాదు తమ్మీ," అంది అత్త.

"ఆడబిడ్డవు నువ్వుండంగ మేస్త్రీ ఎందుకు? కొత్త చీరేది?"

"మట్టి పనికి కొత్త చీరెందుకు," అని ముందుకొచ్చి రాయి పెట్టింది. మేస్త్రీ నా కుర్చీ తెచ్చి ఆమె దగ్గర వేసి "కూసో అమ్మా" అన్నాడు. ఆమె కూర్చోలేదు.

"అత్తకు నీళ్లియ్యిరా," అన్నాడు బాపు.

కంచు గ్లాసు తోమి, నిండా నీళ్లు పోసి, రెండు చేతులతో పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాను. అత్త గ్లాసు వైపు చూసింది. నడుము వంచి దోసిలి పట్టింది.

"పొయ్యి అల్లుడా," అంది.

"అదేందక్కా, గ్లాసున్నది గద!" అని బాపు నవ్వాడు. ఆయనకు ఏమీ తెలియదు. ఆమె చెప్పలేదు, చివరిదాకా చెప్పలేదు. గ్లాసు అంచు ఆమె వేళ్లకు తగిలేదాకా వంగి పోశాను. సగం నీళ్లు నేల పాలయ్యాయి.

ఆ ఇంటికి ఆమె ఎన్నోసార్లు వచ్చింది. క్రిస్మస్‌లకు వచ్చింది, నా పెళ్లికి వచ్చింది, బాపు పోయినప్పుడు వచ్చింది. మా ఇంట్లో ఎవరు నీళ్లిచ్చినా గ్లాసు అందుకుని తాగేది. నేనిస్తే మాత్రం దోసిలి పట్టేది.