బొటనవేళ్లు చూసిన మనిషి

ఆయన డిజైను చేసిన మిక్సీ మా ఇంట్లోనూ ఉంది. అంత పేరున్న మనిషి చిత్తూరు దగ్గర మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి వస్తే సంబరపడాలట! సూపర్‌వైజరుగా నాకు మాత్రం అనుమానమే కలిగింది. కొత్త కత్తి తయారుచేయడానికి వచ్చినవాడు గంటల తరబడి ఆడవాళ్ల చేతులకేసి చూడడమేమిటి?

"మన సేతులు పొయ్యే తీరు నేర్చుకోని రేపు మిషను పెట్టేస్తారు సూడక్కా. మనకీడ పనుండదు," అంది కాయలు కోసే మునెమ్మ.

"అయితే ఆయప్ప ఉండేదాకా తప్పుగా కొయ్యండి," అన్నాను.

రోజూ కత్తి వీపున బొటనవేలు ఆనించి కోసేవాళ్లంతా ఆ వారం పిడిని గుప్పిట బిగించి కోశారు. ఆయన ఆ పట్టునే బొమ్మలు గీసుకున్నాడు.

వెళ్లే రోజు అందరినీ వరసగా నిలబెట్టి, "బొటనవేళ్లు చూపించండమ్మా," అన్నాడు.

"ఏం సారూ, జాతకం సెప్తారా?" అంది మునెమ్మ, వేలు చాపుతూనే.

ఏళ్ల తరబడి కత్తి ఒరిసి గట్టిపడిన ఆ చర్మాన్ని చూసి, ఆయన నా వైపు తిరిగి నవ్వాడు. యజమానికి మాత్రం మా నాటకం సంగతి చెప్పలేదు.

మరుసటి సీజనుకు ఆయన చేసిన కొత్త కత్తులు వచ్చాయి. వీపున సరిగ్గా బొటనవేలు ఆనేంత పల్లం ఉంది.

"సేతికి బాగుండాదక్కా," అంది మునెమ్మ, నా మొహం చూడకుండా.

మిషను ఇంకా రాలేదు. రాదని నేననను. ఆ నవ్వును ఈరోజుకీ నమ్మను. కానీ ఇంట్లో కాయ కోయాలంటే ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న ఆ కత్తి తప్ప ఇంకొకటి పట్టుకోబుద్ధి కాదు.