గడ్డి మిషను పుస్తకంలో ఒక వాక్యం

నా చిన్నప్పుడు నాకు చదవడం నేర్పినవాళ్లలో అక్షరం రాని మనిషి ఒకరున్నారు. మొన్న ఇక్కడి తెలుగువాళ్లం కలుసుకున్నప్పుడు, పెద్దలంతా తమ గురువుల గురించి రాసివ్వాలని పిల్లలు అడిగారు. అందరూ బడిపంతుళ్ల గురించి రాశారు. ఈయన గురించి రాయడానికి దోహాలో ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు. ఆయన పెంచిన పచ్చిక ఉన్నచోట ఇప్పుడు ఆరంతస్తుల భవనం ఉంది. అందుకే రాసి ఉంచుతున్నాను. నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగిలినదంతా లైబ్రరీ బల్లల దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆ అలవాటు నాకు ఒక గడ్డి కోసే మిషను దగ్గర మొదలైంది.

మాది కడప వైపు. మా నాన్న ఒక పెద్ద విల్లాలో డ్రైవర్, అమ్మ అదే ఇంట్లో వంట చేసేది. తోట వెనక గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. ఇంటి యజమానిని అందరం బాబా అనేవాళ్లం. తోట పని చూసే పెద్దాయన జగిత్యాల దగ్గర పల్లెటూరివాడు. నాకు ఆయన తోట తాత.

ప్రతి బుధవారం గడ్డి కోశాక తాత మిషనును శుభ్రం చేసేవాడు. ముందు ప్లగ్గు వైరు పీకేవాడు. చెయ్యి బ్లేడు దగ్గర ఉండగా ఇంజను ఉలిక్కిపడి లేవకూడదు కదా. తర్వాత మిషనును ఒక పక్కకు వంచి, అడుగున అట్టకట్టిన గడ్డిని చెక్కముక్కతో గీకేవాడు. చివరికి ఫిల్టరు డబ్బా తెరిచేవాడు. అందులో పైన తొడుగులా ఒక స్పాంజి, లోపల మడతలు మడతలుగా కాగితపు ఫిల్టరు ఉండేవి. స్పాంజిని సబ్బునీళ్లలో పిసికేవాడు. కాగితాన్ని మాత్రం అరచేతి మీద నెమ్మదిగా తట్టి ఊరుకునేవాడు. తొమ్మిదేళ్ల నాకు అది బద్ధకంగా కనిపించేది.

మూడేళ్లుగా దొరకని సెలవు ఆ ఏడు తాతకు దొరికింది. ఊళ్లో మనవరాలు పుట్టి రెండేళ్లయినా ఇంకా చూడలేదు. శనివారం విమానం. శుక్రవారం విందుకు పచ్చిక నున్నగా ఉండాలనీ, అది కాకపోతే ప్రయాణం పై నెలకనీ బాబా చెప్పారు. అందుకని ఆ వారం కోత గురువారానికి పెట్టుకుని, బుధవారం సాయంత్రం తాత పెట్టె కట్టుకోవడానికి తొందరగా వెళ్లాడు. ఆయనకు సాయం చేద్దామని నేనే ఫిల్టరు డబ్బా విప్పాను. స్పాంజితో పాటు కాగితాన్ని కూడా సబ్బు పెట్టి తెల్లగా వచ్చేదాకా రుద్దాను. ఆరబెట్టి, పొద్దున్నే మళ్లీ బిగించాను. నా పని చూసుకుని నాకే ముచ్చటేసింది.

ఆ రోజు మిషను రెండు నిమిషాలు దగ్గి ఆగిపోయింది. తాత స్టార్టు తాడు మళ్లీ లాగాడు. మళ్లీ ఆగింది. డబ్బా తెరిచి చూస్తే కాగితం మడతలు అతుక్కుపోయి, ఒకచోట చిరిగి ఉంది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దూరంగా ఉన్న నాకే సబ్బు వాసన వచ్చింది. అప్పుడే అమ్మ వంటింటి గుమ్మంలోంచి, "ఏమ్మే, కొత్త సబ్బుబిళ్ల యాడపెట్టినావ్?" అని కేకేసింది. నేను విననట్టు నిలబడ్డాను.

మా నాన్న వచ్చి చూశాడు. "అది లేకుండానే కోసెయ్ మామా. ఈ ఒక్క పూటకి ఏమైతాది? సెలవు పోగొట్టుకుంటావా?"

"ఈ దుమ్ములనా? ఇంజన్ల ఇసుక వడితే నేనొచ్చేసరికి మిషనే ఉండది. గట్ల చెయ్య."

తర్వాత తాత పనిముట్ల పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఒక చిన్న పుస్తకం తీశాడు. అది మిషనుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం. ఒక పేజీ తెరిచి నా చేతికిచ్చాడు.

"నాకు అచ్చరం ముక్క రాదు బిడ్డా. నువ్వు ఇస్కూల్‌కు పోతవ్ గదా. మిషన్ ఎందుకు నడుస్తలేదో గిండ్ల ఏమన్న రాసిండ్రేమో సదువు."

గర్వంగా మొదలుపెట్టాను. ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెబుతున్నాను. స్పాంజిని సబ్బునీటిలో కడగాలి. నీళ్లు పిండి ఆరబెట్టాలి. తర్వాతి వాక్యం కంటికి తగిలింది. నా గొంతు ఆగిపోయింది.

"ఆగినవేంది? ఆడికే అయిపోయిందా?"

"లేదు తాతా."

"మరి సదువు."

కాగితపు ఫిల్టరును నీళ్లతో కడగకూడదని చదివాను. నేనే కడిగానని కూడా చెప్పాను. నాన్న చెయ్యి లేచింది. తాత అడ్డం వచ్చాడు.

"కొట్టకు. నేను గూడ మొదటి ఏడు గిట్లనే గడిగిన. అప్పటి డ్రైవర్ గీ పేజీ సదివి చెప్పిండు. ఇగ ఏడ్వకు బిడ్డా, ఇంకా కింద సూడు. కొత్తది కొనాలంటే ఏ నంబరుదో రాసి ఉంటది."

నిజంగానే ఉంది. నాన్న కారులో ముగ్గురం అల్ దోహా అల్ జదీదాలోని విడిభాగాల దుకాణానికి వెళ్లాం. దుకాణదారు పైకి చూడకుండానే "మాఫీ" అన్నాడు, లేదని. తాత నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వే సూడు" అన్నాడు. దుమ్ముపట్టిన అట్టపెట్టెల మీది అంకెలు ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాను. అడుగు వరసలో మా నంబరు దొరికింది. దుకాణదారు నవ్వి, ఈ పాపను నా దగ్గర పనిలో పెట్టండి అన్నాడు హిందీలో. ఆ సాయంత్రం ఎండ దిగేలోపు పచ్చిక మొత్తం కోయడం అయిపోయింది. శనివారం తాత ఊరికి వెళ్లాడు. రెండు నెలలకు తిరిగొచ్చి, "నా మీసం జూసి దడుసుకుంది పోరి, దగ్గరికే రాలే" అని చెప్పుకుని మురిసిపోయాడు.

ఆ తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను. మందు సీసా మీది కాగితం నుంచి లావుపాటి చరిత్రల దాకా ఏదీ సగంలో వదల్లేదు. నా తప్పును చూపించే వాక్యం ఎదురైనప్పుడు ఇప్పటికీ గొంతు ఆగుతుంది. ఒక క్షణం ఆగి, దాన్ని పైకి చదువుతాను. దాని కిందివి కూడా చదువుతాను. నేనేం చెయ్యాలో సాధారణంగా అక్కడే ఉంటుంది.

ఇది టైపు చేసిపెట్టిన నా మనవరాలు హారికకు, జగిత్యాల మాటలు సరిచూసిన లక్ష్మణ్‌కు, సబ్బుబిళ్ల సంగతి తెలిశాక కూడా తిట్టని మా అమ్మ సుబ్బమ్మకు, ఎత్తిన చెయ్యి దించుకుని కారు తీసిన మా నాన్న రెడ్డెయ్యకు నా కృతజ్ఞతలు. అందరికన్నా ఎక్కువగా తోట తాతకు. ఆయన పేరు గంగారాం.