అబూ రాకాన్ తాగని కాఫీ

కరక్ ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళి కుదరాలన్నా, కారు గుద్ది ఎవరి పిల్లవాడి కాలు విరిగినా, ముందు కబురు వెళ్ళేది బార్లీ కొట్టు ముఫ్లెహ్‌కి. పెద్దకొడుకు పేరు కలిపి ఆయన్ని అందరూ అబూ రాకాన్, అంటే రాకాన్ నాన్న, అంటారు. ఆయన మాటకారి కాదు. తెగ పెద్ద కూడా కాదు. చదువు ఆరో క్లాసుతో ఆగింది. ఆయనకున్నదల్లా వెడల్పాటి మొహం, కదలకుండా కూర్చోగల ఓపిక. పెద్దమనుషుల రాయబారానికి కావలసింది అదే.

పిల్లనో రాజీనో అడగడానికి పెద్దమనుషులు వెళితే ఆ ఇంటివాళ్ళు యాలకుల కాఫీ పోస్తారు. పిడి లేని చిన్న కప్పు. వెళ్ళినవాళ్ళలో ఒకరు దాన్ని పెదవికి తాకించకుండా కింద పెడతారు. ఇంటాయన "తాగండి, మీరడిగింది ఇచ్చినట్టే" అనేదాకా అది అక్కడే ఉంటుంది. అతిథి తాగకుండా లేచి వెళ్ళిపోతే ఆ ఇంటికి అంతకన్నా తలవంపు లేదు.

కప్పు కింద పెట్టే పని ఎప్పుడూ అబూ రాకాన్‌దే. పెట్టాక మాట్లాడడు, దగ్గడు, పక్కకి చూడడు. ఒకసారి ఒక ఇంజనీరు తన చెల్లెల్ని ఇవ్వనని మొండికేస్తే మధ్యాహ్నం నమాజు నుంచి పొద్దుగూకే దాకా అలాగే కూర్చున్నాడు. చివరికి లోపల్నుంచి ఇంజనీరు తల్లి అరిచింది.

"ఒరేయ్, ఇచ్చెయ్యరా పిల్లని! ఈయన్ని చూస్తుంటే రాత్రికి పక్క కూడా వేయమనేట్టున్నాడు!"

ఆయన తమ్ముడు స్వేలెమ్ లారీ డ్రైవరు. లోయలో పండిన టమాటాలు సరిహద్దు దాటించి పక్క దేశంలో అమ్ముకొచ్చేవాడు. ఒకసారి అవతలి చెక్‌పోస్టు దగ్గర లారీలన్నీ ఆగిపోయాయి. అబూ రాకాన్ ఫోన్ చేసి, "ఆగిపోయావా, నిద్రపోయావా? నువ్వు చెబితే నమ్మను, ఫోటో పెట్టు" అని ఏడిపించాడు. స్వేలెమ్ నవ్వుతూ లారీల వరస ఫోటో తీశాడు. వరస వెనకాల ఆ దేశపు సైనిక స్థావరం గోడ ఉంది. ఫోటో అన్నకి చేరింది. స్థావరాన్ని ఫోటో తీశాడని పట్టుకుపోయారని తోటి డ్రైవర్లు చెప్పారు, ఆ తరవాత మనిషి జాడ లేదు. కోర్టు లేదు, లాయరు లేదు, బతికున్నాడన్న కబురు లేదు. ఎండాకాలం పోయి చలికాలం వచ్చింది.

స్వేలెమ్ భార్య వధ్హా ఆ ఫోటో సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిడితే బాగుండునని అబూ రాకాన్ పేపరు విలేకరినైన నాతో అన్నాడు.

ఆయనకి తెలిసిన దారి ఒకటే. పని ఎవరి చేతిలో ఉందో వాళ్ళింటికి వెళ్ళి కప్పు కింద పెట్టాలి. ఆ దేశపు పాలకుడి ఇంటికి వెళ్ళలేడు కాబట్టి రాజధాని అమ్మాన్‌లో మన విదేశాంగ మంత్రి దగ్గరికి బయల్దేరాడు. కరక్ పార్లమెంటు సభ్యుడు అతల్లా వెంట వచ్చాడు. అతల్లా ఓట్లలో సగం అబూ రాకాన్ కొట్టు అరుగు మీద పోగైనవే.

మంత్రి వచ్చేలోపు ఒక యువ అధికారి కాఫీ తెప్పించాడు. అబూ రాకాన్ దాన్ని బల్ల మీద పెట్టి ఊరుకున్నాడు. కాఫీ పడదేమో అనుకుని ఆ అధికారి పుదీనా టీ తెప్పించాడు. అదీ కాఫీ పక్కకి చేరింది. తరవాత పాల కాఫీ. తరవాత నారింజ రసం.

"పెద్దాయనా, మీకు షుగరా? ఏం తాగుతారో చెప్పండి."

"ఏదైనా తాగుతాను నాయనా. ముందు మంత్రిగారిని ఒప్పుకోమను."

"ఏం ఒప్పుకోవాలి?"

అతల్లా తలపట్టుకుని, "నువ్వెక్కడ పుట్టావు బాబూ?" అన్నాడు. జెనీవాలోనట.

మంత్రి లోపలికొచ్చి బల్ల మీద వరసగా ఉన్న కప్పుల్ని చూసి నిలబడిపోయాడు. ఆయనా ఇక్కడివాడే. పుట్టింది మాదబా పక్కన ఒక పల్లెలో.

"అబూ రాకాన్, ఇది నా ఇల్లు కాదు, ఆఫీసు. ఇక్కడ నేను దేనికీ మాటివ్వలేను. బుధవారం సభలో మీ సభ్యుడి ప్రశ్నకి జవాబిస్తాను. కాఫీ తాగండి."

"అయితే బుధవారమే తాగుతాను," అని లేచాడు అబూ రాకాన్.

మా పార్లమెంటులో మంత్రి జవాబు చెప్పాక స్పీకరు ప్రశ్న వేసిన సభ్యుణ్ణి తృప్తిపడ్డారా అని అడుగుతాడు. పడ్డానంటే అక్కడితో సరి. పడలేదంటే అదే ప్రశ్నను మంత్రిని నిలదీసే అభియోగంగా మార్చవచ్చు. పేపర్లలో పెద్ద అక్షరాలు పడతాయి. సభకని కరక్ నుంచి వచ్చేటప్పుడు బస్సులో అతల్లా ఈ సంగతి వివరిస్తే అబూ రాకాన్ మొహం విప్పారింది.

"అంటే కాఫీ లాంటిదే కదా! నేను తలూపేదాకా నువ్వు తృప్తిపడకు."

"సభ్యుణ్ణి నువ్వా నేనా?"

"నువ్వే. తలూపేది నేను."

బుధవారం నేను విలేకరుల బెంచీలో ఉన్నాను. సందర్శకుల గ్యాలరీ ముందు వరసలో అబూ రాకాన్, పక్కన వధ్హా. మొదట ఇర్బిద్ సభ్యుడొకాయన లేచి, మన జైళ్ళ గురించి విదేశీ సంస్థలు నివేదికలు రాస్తుంటే మంత్రి ఏం చేస్తున్నారని కోప్పడ్డాడు. నివేదికను చదివామని, అందులో కొన్ని నిజాలున్నాయని, కొన్ని లేవని మంత్రి నెమ్మదిగా చెప్పాడు. తరవాత అతల్లా లేచాడు.

"మానవ హక్కుల మీద మంత్రిగారు చక్కగా మాట్లాడారు. మా కరక్ డ్రైవరు స్వేలెమ్ కూడా మానవుడే. ఒక ఫోటో తీసినందుకు సరిహద్దు అవతల మాయమయ్యాడు. అతనికి హక్కులున్నాయా? ఉంటే మంత్రిగారు వాటి కోసం ఏం చేశారు?"

మంత్రి ఆ దేశం పేరెత్తలేదు. విదేశాల్లోని ప్రతి పౌరుడి గౌరవమూ తమ బాధ్యత అన్నాడు. తగిన దౌత్య మార్గాల్లో సంప్రదింపులు జరుగుతున్నాయని, విషయాన్ని తీవ్రంగా పరిగణిస్తున్నామని చెప్పాడు. అలాంటి వాక్యాలు నేను కళ్ళు మూసుకుని రాయగలను.

పైన అబూ రాకాన్ పక్కకి వంగి అడగడం కింద నాక్కూడా వినిపించింది.

"ఒప్పుకున్నాడా?"

"పరిగణిస్తున్నాడట బావగారూ," అంది వధ్హా.

"అది సరే, ఒప్పుకున్నాడా?"

"గ్యాలరీలో నిశ్శబ్దం!" అన్నాడు కాపలా పోలీసు.

స్పీకరు అతల్లా వైపు తిరిగాడు. "గౌరవ సభ్యులు తృప్తిపడ్డారా?"

అతల్లా తలెత్తి గ్యాలరీ వైపు చూశాడు. అబూ రాకాన్ కదల్లేదు. ఒక్కొక్కరుగా సభ్యులందరూ తలలెత్తారు. ఆ మొహం చూసి సగంమందికి ఏం జరుగుతోందో అర్థమైపోయింది. తఫీలా సభ్యుడు పక్కాయన చెవిలో, "కప్పు పెట్టేశాడురా" అన్నాడు.

"నేనడిగింది సభ్యుణ్ణి, గ్యాలరీని కాదు," అని స్పీకరు చిరాకుపడి సభను కాసేపు వాయిదా వేశాడు.

ఆ వ్యవధిలో మంత్రి వాళ్ళ ముగ్గుర్నీ పక్కగదికి పిలిపించాడు. లోపల జరిగింది అతల్లా చెప్పాక నాకు తెలిసింది. మంత్రే స్వయంగా యాలకుల కాఫీ పోసి అబూ రాకాన్‌కి అందించాడట. అబూ రాకాన్ దాన్ని కింద పెట్టాడు.

"వినండి," అన్నాడు మంత్రి. "ఆ దేశం పేరు నేను సభలో ఎత్తితే రేపు వాళ్ళ పేపర్లు మీ తమ్ముణ్ణి గూఢచారి అంటాయి. ఆ మాట ఒకసారి అచ్చయ్యాక ఏ న్యాయమూర్తీ వెనక్కి తీసుకోడు. నేను నోరు మూసుకుంటున్నది అతని కోసమే."

"విడిపిస్తారా?"

"చెప్పలేను."

"అది మాట కాదు మంత్రిగారూ."

"కాదు. చేతిలో లేనిదానికి మాటిస్తే మీరు ఈ కాఫీ తాగుతారు, నేను అబద్ధికుణ్ణవుతాను. నా చేతిలో ఉన్నది చెబుతాను. మా రాయబార కార్యాలయం మనిషి అతన్ని కలవడానికి నిన్ననే అనుమతి వచ్చింది. వచ్చే వారంలోగా అతని గొంతు మీ ఇంట్లో వినిపిస్తుంది. దానికి మాటిస్తున్నాను. అభియోగం అంటూ మీ సభ్యుడు రచ్చ చేస్తే ఆ అనుమతి కూడా పోతుంది."

అబూ రాకాన్ చాలాసేపు కప్పు వైపే చూశాడట. అడగడానికి వచ్చింది మనిషిని, ఇస్తానంటున్నది గొంతు. అడిగినదానికంటే తక్కువకి ఆయన ఎన్నడూ కాఫీ తాగలేదు. వధ్హా వద్దన్నట్టు చూసింది. ఆయన కప్పు ఎత్తి తాగేశాడు.

సభ మళ్ళీ మొదలయ్యాక అతల్లా పైకి చూశాడు. అబూ రాకాన్ తలూపాడు.

"తృప్తిపడ్డాను," అన్నాడు అతల్లా, మందు మింగినట్టు మొహం పెట్టి.

ఆ వారం కరక్‌లో ఆయన పరువు పోయింది. కొట్టుకి వచ్చినవాళ్ళు బార్లీ తూయించుకుంటూ ఎత్తిపొడిచారు.

"మంత్రి కాఫీ ఎలా ఉంది మామా? తియ్యగా పోశాడా?"

"పరాయి ఆడపిల్ల పెళ్ళి కోసమైతే సాయంత్రం దాకా కూర్చున్నాడు. సొంత తమ్ముడికి పావుగంట!"

అబూ రాకాన్ తూకం మీంచి కళ్ళెత్తలేదు. వధ్హా మాత్రం వాకిట్లో నిలబడి ఊరంతా వినేట్టు అడిగేసింది.

"ఒక్క గుక్కకి అమ్మేశారా బావగారూ నా మొగుణ్ణి?"

"గొంతు రానీ అమ్మా. రాకపోతే నువ్వేమన్నా పడతాను."

సోమవారం గడిచింది, మంగళవారం గడిచింది. ఆయన అన్నం సరిగా తినడం లేదని పెద్దకోడలు చెప్పింది. బుధవారం మధ్యాహ్నం వధ్హా ఫోన్ మోగింది. తెలియని నంబరు. పిండి చేత్తో తీయబోతే ఫోన్ జారి పళ్ళెంలో పడింది. తీసి చెవిదగ్గర పెట్టుకుని ఒక్కసారిగా అరిచింది.

"చెప్పు! ఏం తింటున్నావు? ముందు అది చెప్పు!"

పప్పే, రోజూ పప్పే అన్నాడట స్వేలెమ్. గొంతు సన్నబడింది కానీ తిట్లు పోలేదు, లారీని చెక్‌పోస్టు దగ్గరే వదిలేశారా అని తిట్టాడు. ఫోన్ చేతులు మారి అబూ రాకాన్‌కి వచ్చేసరికి అవతల రాయబార కార్యాలయం మనిషి టైమైందంటున్నాడు.

"అన్నా, ఉన్నావా?"

"ఉన్నాను."

"ఏడుస్తున్నావా ఏంటి?"

"నీకు చలి దుప్పటి ఇచ్చారా లేదా, అది చెప్పరా గాడిదా."

ఇచ్చారన్నాడు. లైను తెగింది. అబూ రాకాన్ గోడకి తిరిగి ఫోన్‌కి అంటిన పిండి తుడుస్తూ నిలబడ్డాడు. వధ్హా మొహం కడుక్కుని వచ్చి ఆయన ముందు అన్నం పెట్టింది. పెరుగు రెండు గరిటెలు ఎక్కువ వేసింది.

మర్నాడు పొద్దున్నే ఆయన అతల్లా గుమ్మంలో ఉన్నాడు.

"ఇంకో ప్రశ్న వెయ్యాలి. విడుదల ఎప్పుడని."

"నాతో తృప్తిపడ్డానని చెప్పించావు కదయ్యా సభలో!"

"అది గొంతు సంగతి. దానికి పడ్డాం," అంటూ లోపలికొచ్చి కూర్చున్నాడు అబూ రాకాన్. అతల్లా భార్య కాఫీ తెచ్చి చేతికిచ్చింది. ఆయన దాన్ని పెదవికి తాకించకుండా కింద పెట్టాడు.